ఓవర్ ఇవ్వని రూము

మా ఆఫీసు ఫోను బోర్డుకు రెప్పలు ఉండె. ఒక్కో రూముకు ఒక్కో చిన్న రేకు, దాని కింద నంబరు. ఆ రూములో ఎవరన్నా ఫోను ఎత్తితే ఆ రేకు టప్పుమని కిందికి పడేది. నేను ఆ నంబరు బొక్కలో ఫోను తాడు గుచ్చి "చెప్పండి సార్" అనాల, ఆయనకు కావాల్సిన లైను కలపాల, మళ్ళీ వేలితో రేకును పైకి తోసి కొక్కేనికి తగిలించాల. తోస్తేనే లేస్తాది, దానంతట అది లేవదు. పొద్దున్నించీ సందేళ దాకా నా పని ఇదే. అందరూ దాన్ని షట్టరు అనేవాళ్ళు. రెప్ప అని పేరు పెట్టింది నేను.

ఎమర్జెన్సీ అయిపోయిన కొత్తలో బెంగళూరులో ఆ యూనివర్సిటీ ఆఫీసులో ఆపరేటరుగా చేరితి. చిక్‌పేటలో మాది జరీ అంగడి. పుట్టింది, పెరిగింది, కొట్లాడింది అంతా ఆ సందుల్లోనే. చెవిలో ఫోను, నోట్లో తిట్టు, ఇదీ మా పాప అని మా నాయన గిరాకీలకు చెప్పేవాడు. ఇంట్లో ఫోను లేదు గాని నిద్రలో కూడా "హోల్డ్ చెయ్యండి" అంటా ఉంటినంట. పక్కలో పడుకోనున్న మా అమ్మ "ఇంకా ఎంతసేపు హోల్డ్ చేసేది తల్లీ" అని అడిగేదంట.

నాకు ఆ ఉద్యోగం దొరికిందే ఒక చావు వల్ల. పైన మేడ మీద, వరండా చివరి రూములో ఒక డిప్యూటీ రిజిస్ట్రారు ఉండె. ఒక సాయంత్రం అందరూ ఇండ్లకు పోయినారు, ఆయప్ప ఒక్కడే ఉండిపోయినాడు. నా ముందరి ఆపరేటరమ్మ ఐదైంది కదా అని బోర్డు మూసేసి పోయె. పొద్దున ఊడ్చేదానికి వచ్చినామె తలుపు తీస్తే ఆయప్ప కుర్చీలోనే ఉండాడు. ఫోను రిసీవరు తాడుకు వేలాడతా ఉండె. కింద బోర్డు మీద ఆయన రెప్ప పడి ఉండె. రాత్రంతా అట్లనే పడి ఉండాది. "చెప్పండి సార్" అనేవాళ్ళు లేక.

ఆ ఆపరేటరమ్మ దాని తర్వాత ఎక్కువ రోజులు నిలవలేదు. ఆ రెప్ప మీద గాయానికి వేసే పట్టీ ఒకటి అంటించి, దాన్ని చూడకుండా పని చేసి, ఒక రోజు రావడం మానేసె. నేను చేరిన పొద్దు ఆ పట్టీ ఇంకా అట్లనే ఉండె. నాకు చూస్తానే ఒళ్ళు మండె. "ఏంటికి ఈ దరిద్రం" అని గోటితో పీకి పారేస్తి. అటెండరు అది చూసి చెంపలు వేసుకున్యాడు. హూడి నుంచి బస్సులో వచ్చే పెద్దాయన, పోయిన సారు దగ్గర ఎన్నో ఏండ్లు పని చేసినాడు.

"అది పీకకూడదమ్మా," అన్యాడు.

"ఏం, పీకితే సారు వచ్చి నన్ను సస్పెండు చేస్తాడా?"

ఆయన నవ్వలేదు.

ఒట్టేసి చెప్తా ఉండాను, ఆ తర్వాత చానా నెలలు ఆ రెప్ప ఒక్కసారి కూడా పడలేదు. రూముకు తాళం. లోపల ఫోను ఉండాది, లైను ఉండాది, మనిషి లేడు. అంతే.

అప్పుడు ఆయమ్మ వచ్చె.

ఆయమ్మ నర్సు. వార్డులో మొదలుపెట్టి, సిస్టరై, నర్సింగు కాలేజీలో పాఠాలు చెప్పి, ఆ కాలేజీకే పెద్దయి, అక్కడినుంచి యూనివర్సిటీకి వచ్చె. అంతవరకూ నర్సుల చదువు డాక్టర్ల చేతి కింద ఉండె. సిలబస్సు వాళ్ళదే, పరీక్ష పేపరు వాళ్ళదే, మార్కులు వాళ్ళవే. లేవలేని మనిషి కింద దుప్పటి ఎట్ల మార్చాలో పుట్టినప్పటినుంచి ఒక్కసారి కూడా మార్చనోళ్ళు దాని మీద ప్రశ్న రాస్తా ఉండిరి. ఆయమ్మ ఏండ్ల తరబడి కొట్లాడితే నర్సింగుకని వేరే విభాగం ఒకటి పెట్టి, ఆయమ్మను దానికి స్పెషల్ ఆఫీసరు చేసిరి. అది కూడా ఒక ఏడాదికే. ఏడాది తర్వాత కమిటీ కూర్చుంటాది, విభాగం నడుస్తా ఉంటే ఉంటాది, లేకుంటే మళ్ళీ డాక్టర్ల కిందికే, అని రిజిస్ట్రారు ముందే చెప్పేసిరి.

ఆ విభాగానికని ఇచ్చిన రూము అదే. వరండా చివరిది. వేరే ఖాళీ లేదనిరి. వైద్యం చదువులకు పెద్దగా ఉండే డాక్టరు ఒకాయన మెట్ల కాడ నిలబడి, "సిస్టరుకు ఏం భయమప్పా, శవాలు కడిగిన చెయ్యి కదా" అని నవ్వినాడు. నేను బోర్డు కాడ వింటానే ఉంటి.

అందరూ ఆయమ్మను సిస్టర్ అనే పిలిచేవాళ్ళు. మేడమ్ అని పిలిస్తే నోరు కాల్తాది అన్నట్టు. ఫైలు మీద పెద్ద పదవి రాసి ఉండాది, నోట్లో మాత్రం సిస్టర్. ఆ మాట వాళ్ళు అనే తీరులోనే ఉండె, నీ జాగ ఇది కాదు అని.

ఆఫీసర్లు ఎవరూ బోర్డు కాడికి రారు. ఆయమ్మ మొదటి పొద్దే వచ్చె. కాళ్ళకు రబ్బరు చెప్పులు, వచ్చిన చప్పుడే లేదు. తలెత్తితే ఎదురుగా ఉండాది. చీర మీద గడియారం తలకిందులుగా గుచ్చుకోనుండె, నర్సులు పెట్టుకునే మాదిరి.

"తెలుగోళ్ళ పాపవా?"

"చిక్‌పేట మేడమ్."

"మాది కోలారు పక్క. నీకు కోపం ఎక్కువంట?"

"ఎవరు చెప్పింది?" అని లేస్తి.

అప్పటికే నా మణికట్టు ఆయమ్మ వేళ్ళ మధ్యలో ఉండె. "ఇది చెప్తా ఉండాది," అనె. మాట్లాడతా మాట్లాడతా ఎవరిదైనా చెయ్యి పట్టుకుని నాడి చూసే అలవాటు ఆయమ్మకు. ఆఫీసులో అందరూ కొన్నాళ్ళకే చేతులు వెనక్కి కట్టుకుని మాట్లాడేది నేర్చుకునిరి.

"సరే గాని, ఆ రూము ఓవర్ నాకు ఎవరు ఇస్తారు?"

నా పక్క బల్ల కాడ ఒక క్లర్కు ఉండె. క్రికెట్ పిచ్చోడు, టేబుల్ డ్రాయరులో ట్రాన్సిస్టరు పెట్టుకుని వినేవాడు. "ఓవరా మేడమ్? ఇంకా టాసే పడలేదు కదా," అన్యాడు. ఇద్దరం నవ్వితిమి. ఆయమ్మ కూడా నవ్వె. నవ్వి, కుర్చీ లాక్కుని చెప్పె.

వార్డులో డ్యూటీ మారేటప్పుడు పోయే నర్సు వచ్చే నర్సును ప్రతి మంచం కాడికి పిలుచుకుపోవాల. ఈయనకు జ్వరం తగ్గలేదు. ఈమె రాత్రి నిద్రపోలేదు. ఈ మంచం ఆయన పొద్దున పోయినాడు, వాళ్ళ వాళ్ళకు ఇంకా తెలీదు. అంతా నోటితో చెప్పాల. అంతా విన్నాక వచ్చిన నర్సు "తీసుకున్నా" అనాల. ఆ మాట వినేదాకా పాత నర్సు గేటు దాటకూడదు, ఎంత పొద్దు పోయినా సరే. దీన్నే వాళ్ళు ఓవర్ ఇయ్యడం, ఓవర్ తీసుకోవడం అంటారు.

"ఆ సారు ఎవరికీ ఇయ్యలేదు మేడమ్. పోయినాడు," అంటి.

"పోయినోళ్ళు ఇయ్యరు పాపా. వాళ్ళను చూసినోళ్ళు ఇయ్యాల. ఆయప్పను లాస్టున చూసింది ఎవరు?"

క్లర్కు ట్రాన్సిస్టరు కట్టేసినాడు. నాకు తెలీదు, ఆయనకు తెలీదు. అటెండరు గోడవైపు చూస్తా నిలబడినాడు. ఆ ప్రశ్న ఆ పొద్దు ఆఫీసంతా తిరిగె, ఎవరూ ఎత్తని ఫోను మాదిరి.

ఆ వారంలోనే మొదటిసారి రెప్ప పడె.

ఐదు దాటింది. ఆయమ్మ గొడుగు తీసుకుని నా ముందరే గేటు దాటిపోయె. తాళంచెవి అటెండరు మేకుకు తగిలించినాడు. నేను నా టిఫిను డబ్బా సంచిలో పెడతా ఉంటే టప్. చూస్తే ఆ రూముదే. అలవాటుగా తాడు గుచ్చి "చెప్పండి మేడమ్" అనేస్తి. అన్నాక గుర్తొచ్చె, ఆయమ్మ పోయింది కదా.

లైను చచ్చిపోయి లేదు. చచ్చిన లైను ఎట్ల ఉంటాదో నాకు తెలుసు, గోడకు చెవి పెట్టినట్టు ఉంటాది. ఇది తెరుచుకుని ఉండె. ఒక రూము, ఆ రూములో గాలి, ఆ గాలిలో ఎవరో నోరు తెరిచి మాట కోసం వెతుకుతా ఉన్నట్టు.

నాకు భయం వేయలేదు, కోపం వచ్చె. "ఎవడ్రా అది!" అని అరిచి, మెట్లెక్కి పరుగెత్తితి. తలుపుకు తాళం ఉండె. పక్క కిటికీ అద్దంలోనుంచి చూస్తి. బల్ల మీద నల్ల ఫోను, దాని మీద రిసీవరు సరిగ్గా పెట్టి ఉండె. పరుగెత్తుకుంటా కిందికి వస్తి. రెప్ప ఇంకా పడే ఉండె. వేలితో ఎత్తితి. వేలు తీయకముందే మళ్ళీ పడె.

మరుసటి రోజు క్లర్కు మీద పడితి. "నీ పనే కదా అది?"

"ఏన్రీ, నేను బస్టాపులో ఉంటే మీ రెప్ప ఎట్ల పీకేది? నా చెయ్యి అంత పొడుగుంటే ఫాస్టు బౌలరు అయిపోయేవాణ్ణి."

లైన్‌మన్ వచ్చి చూసినాడు. వానలకు వైరు చెమ్మ తాగింది, ఎక్కడో తగులుకుంటా ఉండాది, అన్యాడు. నమ్మితి. ఆ కాలంలో వాన పడితే బెంగళూరు లైన్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. రిజిస్ట్రారుకు లైను కలిపితే ఎవరో ఇంట్లో మజ్జిగ పులుసుకు ఎంత అల్లం వెయ్యాలో చెప్తా ఉండేవాళ్ళు. బొమ్మసంద్ర పక్క ఎవరో లారీ రాలేదని తిట్టేవాళ్ళు. ఆ గొంతుల్లో ఇదీ ఒకటి అనుకుంటి.

ఆ రూములో పని చేసేదానికి ఆయమ్మకు ఒక టైపిస్టు పాపను, ఆ హూడి అటెండరును ఇచ్చినారు. ఒక మధ్యాహ్నం ఆయమ్మ మీటింగుకు పోయి ఉంటే టైపిస్టు పాప మెల్లగా మెట్లు దిగి వచ్చి నా బోర్డు పక్కన నిలబడె.

"ఇప్పుడు మా రూముకు రింగిచ్చింది నువ్వేనా?"

"నేను ఇయ్యలేదు. ఏంటికి?"

ఏం విన్నిందో చెప్పలేదు. పైకి పోయి బ్యాగు కూడా తెచ్చుకోలేదు, క్లర్కును పంపించి తెప్పించుకునె. మరుసటి వారం వేరే సెక్షనుకు మార్పించుకునె. కొన్నాళ్ళకు అటెండరు కూడా నడుము నొప్పి అని మెట్లెక్కడం మానేసినాడు. ఇంకెవరిని పంపినా ఒక పూట ఉండి దిగొచ్చేవాళ్ళు. మేడ మీద ఆ రూములో ఆయమ్మ ఒక్కతే. తనే టైపు కొట్టుకునేది, రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరం ఇంజెక్షను వేసినట్టు. తనే ఊడ్చుకునేది. సంతకం పెట్టేముందు చేతులు కడుక్కునే అలవాటు ఉండె, ఆ నీళ్ళు కూడా తనే మోసుకునేది. నర్సింగు పరీక్ష పేపర్లు మొదటిసారి నర్సులే సెట్ చేసిరి ఆ ఏడు. కాని ఆఫీసులో ఎవరూ దాని సంగతి మాట్లాడలేదు. దయ్యం సంగతే.

పెద్ద డాక్టరు బోర్డు ముందర పోయేటప్పుడల్లా అడిగేవాడు. "ఏమ్మా, ఈ పొద్దు పడిందా?" నేను పళ్ళు కొరుకుతా "లేదు సార్" అనేదాన్ని. ఆయనకు సంతోషంగా ఉండె. మనుషులు నిలవని రూములో విభాగం ఎట్ల నడుస్తాది అని కమిటీలో ఒక్క మాట అంటే చాలు కదా. ఆ రూము పోతే విభాగం పోతాది. మళ్ళీ పేపర్లు వాళ్ళ చేతికే.

ఎండాకాలం వచ్చె. వైర్లు ఎండిపోయె. చెమ్మ లేదు, వాన లేదు, మజ్జిగ పులుసు లేదు. రెప్ప మాత్రం పడతానే ఉండె. అది కూడా ఆయమ్మ ఇంటికి పోయినాకనే, ఐదు దాటినాకనే.

ఒక సాయంత్రం నేను తాడు గుచ్చి తిట్టబోతా ఉంటే ఒక మాట వినపడె. మొగ గొంతు. మెల్లగా, లోపలెక్కడినుంచో.

"సిస్టర్."

తాడు లాగేస్తి. సంచి కూడా తీసుకోకుండా బస్టాపుకు పోతి. ఆ రాత్రి ఇంట్లో నేను నిద్రలో ఏం మాట్లాడలేదంట. అదే మా అమ్మకు భయం వేసిందంట.

పొద్దున్నే పోయి ఆయమ్మకు చెప్తి. చేతులు కడుక్కుంటా ఉండె. నీళ్ళు పోయడం ఆపలేదు.

"ఏ తీరుగా అనె? ఇక్కడోళ్ళు అనే మాదిరా?"

ఆలోచిస్తి. "లేదు మేడమ్. నిజంగా సిస్టరు కావాల్సినోళ్ళు పిలిచే మాదిరి."

"నువ్వేమంటివి?"

"లైను పీకేస్తి."

ఆయమ్మ చేతులు తుడుచుకునె. ఒక్కో వేలు వేరుగా తుడిచేది. "పాపా, వార్డులో సిస్టర్ అని పిలిచేవాళ్ళందరికీ కావాల్సింది ఒకటే. వస్తా ఉండాను అనే మాట. నొప్పి దాని తర్వాత. బతికుండాడా లేదా అనేది పోయి చూసినాక తెలుస్తాది, పిలుపుకు పలకడం ముందు. ఇంకమీద నువ్వు బోర్డు మూసేముందు ఆ రూముకు రింగియ్యి. ఇచ్చి, మూస్తా ఉండానని చెప్పు."

"ఎవరికి చెప్పేది మేడమ్? తాళం వేసుండే రూముకు?"

"ఎవరుంటే వాళ్ళకు. ఆ పొద్దు ఆ ఆపరేటరు ఒక్క రింగు ఇచ్చుంటే ఏమయ్యేదో?"

నాకు తిక్క లేచె. నేనేమన్నా నైటు నర్సునా, దయ్యానికి గుడ్ నైట్ చెప్పేదానికి? అదే మాట అనేస్తి కూడా. ఆయమ్మ నా నాడి పట్టుకుని ఊరికే నిలబడె, అది నెమ్మదించేదాకా.

ఆ సాయంత్రం రింగిస్తి. పాత రాతి బిల్డింగు కదా, అందరూ పోయినాక ఖాళీ బిందె మాదిరి ఉంటాది. నా చెవిలో రింగు వినపడతా ఉండాది, మెట్ల మీదినుంచి అదే రింగు ఒక్క క్షణం ఆలస్యంగా దిగి వస్తా ఉండాది. రెండూ ఒకదాని వెంట ఒకటి. ఉన్నట్టుండి పైన మోగేది ఆగిపోయె. నా చెవిలో మోగతానే ఉండె.

అయినా చెప్తి. "బోర్డు మూస్తా ఉండాను సార్. ఏమన్నా కావాలంటే ఇప్పుడే చెప్పండి."

ఏమీ లేదు. తాడు తీస్తి. ఆ పొద్దు రెప్ప పడలేదు.

అప్పటినుంచి రోజూ ఇస్తా వస్తి. పడడం తగ్గె గాని పూర్తిగా ఆగలేదు. ఆయమ్మతో చెప్తే, "మనం ఇచ్చేది మన ఓవర్ పాపా. ఆయప్పది ఎవరి కాడనో ఉండిపోయింది," అనె.

కరగ పండుగ అయిపోయిన వారం కమిటీ వచ్చె. రిజిస్ట్రారు, పెద్ద డాక్టరు, బయటి ఊరినుంచి ఒక ముసలి ప్రొఫెసరు. ఆ రూములోనే కూర్చుందామని ఆయమ్మే అడిగిందంట. పొద్దున్నే నా కాడికి వచ్చి చెప్పె. "నా ఫోను ఎత్తి బల్ల మీద పెడతా. నువ్వు లైన్లో ఉండు."

"వినకూడదు కదా మేడమ్."

"ముగ్గురు మొగోళ్ళ మధ్యలో కూర్చుంటా ఉండాను. నా పక్క ఒక్కరన్నా ఉండనీ."

వాళ్ళు మేడ మీదికి పోయినాక టప్పుమని రెప్ప పడె. ఇది ఆయమ్మ పడేసిందే, తెలుసు. తాడు గుచ్చితి. ఆత్రంలో రెప్ప ఎత్తడం మర్చిపోతి. వాళ్ళు మాట్లాడింది కన్నడం, ఇంగ్లీషు. నేను నా మాటల్లో చెప్తా ఉండాను.

రిజిస్ట్రారు అడిగినాడు, ఆయమ్మ చెప్పె. పేపర్లు సెట్ చేసినాము, పరీక్ష జరిగింది, పాసైన పిల్లలు వార్డుల్లో ఉండారు. ముసలాయన ఊఁ కొట్టినాడు. అప్పుడు పెద్ద డాక్టరు కుర్చీ జరిపిన చప్పుడు.

"అంతా సరే. టైపిస్టు లేదు, అటెండరు లేడు. మనిషి నిలవని రూములో విభాగం ఎన్నాళ్ళు నడుస్తాది? దయ్యం ఉందంట కదా సిస్టర్ మీ రూములో?" ముగ్గురూ నవ్విరి.

నాకు ఒళ్ళు మండిపోయె. లైన్లోనే అరిచేదాన్ని. రిసీవరును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటి.

"దయ్యం సంగతి నాకు తెలీదు డాక్టర్," అనె ఆయమ్మ. గొంతు వార్డులో మాదిరి అయిపోయె, తగ్గించి, పక్క మంచం వాళ్ళు లేవకుండా మాట్లాడినట్టు. "పేషెంటు సంగతి తెలుసు. ఈ రూములో ఒక పేషెంటు ఉండె. ఆయన ఓవర్ నాకు ఎవరూ ఇయ్యలేదు. ఆ పొద్దు లాస్టున ఈ తలుపులోనుంచి బయటికి వచ్చింది మీరేనని అటెండరు చెప్పినాడు. చెప్పండి డాక్టర్. పేషెంటు ఎట్ల ఉండె?"



ఇక్కడ ఒకటి చెప్పాల. ఆయన ఎంత పెద్ద డాక్టరైనా, జీవితమంతా పొద్దున్నే ఒక సిస్టరు మంచం పక్కన నిలబడి "పేషెంటు ఎట్ల ఉండె డాక్టర్" అని అడిగితే జవాబు చెప్పి చెప్పి అరిగిపోయిన నోరు అది. ఆ ప్రశ్నకు ఆయన ఆలోచించి జవాబు చెప్పలేదు. నోరే చెప్పేసింది.

"ఛాతీ బరువుగా ఉందన్నాడు. చెమట పోసి ఉండె. ఎడమ భుజం పట్టేసిందన్నాడు. మొహం తెల్లగా ఉండె."

"మీరేం చూసినారు?"

"గ్యాస్ అన్నాను. సోడా తాగి ఇంటికి పో అన్నాను."

"నాడి?"

రూము మాత్రం వినపడతా ఉండె. ఆ రూము చప్పుడు నాకు బాగా తెలుసు, అన్ని సాయంత్రాలు విన్నాను కదా. ఎవరో నోరు తెరిచి మాట కోసం వెతుకుతా ఉన్నట్టు ఉండే ఆ చప్పుడే. ఈసారి మాట దొరికె.

"చూడలేదు."

"ఆయన ఇంకేమన్నా అడిగినారా?"

"ఎవరన్నా సిస్టరును పంపించు, బీపీ చూస్తాది, అన్నాడు. నేను నవ్వినా. సిస్టరెందుకప్పా, నేను డాక్టరు ఇక్కడ నిలబడి ఉంటే, అన్నా. అని మెట్లు దిగి పోయినా." ఆయన గొంతు చిన్న పిల్లోడిది మాదిరి అయిపోయె. "మళ్ళీ పిలిచినాడు. మెట్ల కాడ నాకు వినపడింది. సిస్టర్, అని."

"తీసుకున్నాను డాక్టర్," అనె ఆయమ్మ.

అప్పుడే నా ముందర టిక్కుమనె.

చూస్తి. ఆ రూము రెప్ప పైకి లేచి కొక్కేనికి తగులుకోనుండె. నా చేతులు రెండూ రిసీవరు మీదే ఉండాయి. ఆ బోర్డు ముందర అన్ని రోజులు కూర్చున్నదాన్ని, ఒక్క రెప్ప కూడా దానంతట అది లేవడం చూడలేదు. దానికి లోపల స్ప్రింగు కూడా లేదు.

కమిటీ కిందికి దిగి వచ్చె. రిజిస్ట్రారు, ముసలాయన మాట్లాడకుండా కారు ఎక్కిరి. పెద్ద డాక్టరు నా బోర్డు ముందర ఆగినాడు. ఈసారి పడిందా అని అడగలేదు.

"ఆయనది ఏది?"

చూపిస్తి. ఆయన చూపుడు వేలూ నడిమి వేలూ కలిపి ఆ రేకు మీద పెట్టినాడు, మణికట్టు మీద పెట్టినట్టు. అట్లనే కొంచెం సేపు ఉండి పోయినాడు. నర్సింగు విభాగం వేరుగానే ఉండాల అని రాసిన కాగితం మీద మొదటి సంతకం ఆయనదేనని క్లర్కు తర్వాత చెప్పినాడు.

ఆ మధ్యాహ్నం పైకి పోయి ఆయమ్మకు రెప్ప సంగతి చెప్తి.

ఆయమ్మ చెయ్యి పట్టుకోలేదు ఈసారి. "ఎవరికీ చెప్పద్దు," అనె. "ఇది చెప్తే ఈ రూము మళ్ళీ దయ్యం రూము అవుతాది. మనకు ఉండేది ఈ ఒక్క రూమే పాపా."

చెప్పలేదు. నా నోరు ఎట్లాంటిదో తెలిసినోళ్ళు నమ్మరు గాని, ఇన్నేండ్లు చెప్పలేదు. ఆ రూములోనుంచే నర్సింగుకు వేరే ఫ్యాకల్టీ వచ్చె, ఆయమ్మ దానికి మొదటి డీన్ అయె. టైపిస్టు పాప తిరిగొచ్చె, అటెండరు నడుము నొప్పి పోయె. అందరూ ఆయమ్మను ఇంకా సిస్టర్ అనే పిలిచేవాళ్ళు, అనే తీరు మాత్రం మారిపోయె. రిటైరయే పొద్దు కొత్తగా వచ్చినామెను వెంటబెట్టుకుని ప్రతి బల్ల కాడా నిలబడి ఓవర్ ఇచ్చె. క్లర్కు కాడికి వస్తే ఆయన ట్రాన్సిస్టరు ఆపేసి లేచి నిలబడినాడు. "మ్యాచ్ మనమే గెలిచినాము మేడమ్," అన్యాడు.

ఇప్పుడు నర్సింగుకు సొంత బిల్డింగే ఉండాది, ఇంక ఆ రూముకు చెడ్డ పేరు వచ్చినా పోయేదేం లేదు. అందుకే ఇప్పుడు రాస్తా ఉండాను. రెప్పల బోర్డు పీకేసి మీటలుండే పెట్టె పెట్టిరి. వరండా చివరి రూములో పాత కుర్చీలు వేసి తాళం పెట్టిరి, ఫోను మాత్రం తీయలేదు. ఐదుకు నేను ఇంకా ఆ రూముకు రింగిస్తాను. చానా రోజులు ఊరికే మోగతాది. కొన్ని రోజులు మాత్రం మధ్యలో ఆగిపోతాది. ఆగినాక వినపడేది ముందటి చప్పుడు కాదు. వెతుక్కునే నోరు కాదు. ఎవరో నీళ్ళు ఆపి, ఒక్కో వేలూ తుడుచుకుంటా వచ్చి ఎత్తినట్టు ఉంటాది. "మూస్తా ఉండాను," అని చెప్పి పెట్టేస్తాను.

మొన్న కోలారు పక్క ఆయమ్మ ఊరికి పోతి. బాగానే ఉండాది, నడుము కొంచెం వంగింది. కాఫీ ఇచ్చె. సందేళ అయేసరికి చెవి ఒక పక్కకు వంచి కూర్చునె.

"ఈ టైముకు నాకు ఫోను మోగినట్టు ఉంటాది పాపా. రోజూ. మా ఇంట్లో ఫోనే లేదు."

కాఫీ లోటా కింద పెడితి. "ఎత్తుతారా మేడమ్?"

"ఎత్తకుండా ఎట్ల? పిలుస్తా ఉంటే," అని, ఆయమ్మ చేతులు కడుక్కునేదానికి లేచె.